సినిమా పేరు పెట్టుకున్న పాత వీడియో గేములు: ఎక్కడ చతికిలబడ్డాయి?

ఒక సినిమా పేరుతో, దాని పాత్రలతో, సన్నివేశాలతో తయారుచేసిన వీడియో గేములను సినిమా గేములు అంటారు. హక్కులు కొనుక్కుని చేసినవి ఎక్కువ. కొనకుండా చేసినవీ తక్కువేమీ కాదు. ఈ వ్యాసం ప్రధానంగా పాత తరానికి పరిమితం: 1980ల మొదట్లో వచ్చిన అటారీ గేముల నుంచి 2000ల చివర్లో కంప్యూటర్ మీద ఆడినవాటి దాకా. ఈ జాతి గేములకు మొదటినుంచీ మంచి పేరు లేదు. ఆ రోజుల్లో చిప్పులకు సత్తువ లేదు కాబట్టి ఆటలు అలా వచ్చాయని చాలామంది సర్దిచెబుతారు. అది సగం కూడా నిజం కాదు. అదే చిప్పు మీద, అదే ఏడాది, సినిమాతో సంబంధం లేని మంచి ఆటలు బోలెడు వచ్చాయి. సినిమా గేములను దెబ్బతీసినవి రెండు. ఆట ఎంతవరకు తయారైందన్న దానితో పని లేకుండా రిలీజు తేదీ ముందే ఖాయమైపోవడం ఒకటి. సినిమాలో ఏ పని ఆటకు పనికొస్తుందో వెతకకుండా చేతికందిన మూసలో పోసేయడం రెండోది.

విశాఖపట్నం ఈ వ్యాసంలోకి ఊరికే రాలేదు. పాత సినిమా గేములు వెనకాల కట్టే పరదాల్లా వాడుకుని వదిలేసిన రెండు చోట్లు, సబ్‌మెరైన్ లోపలి భాగమూ ఉక్కు కర్మాగారమూ, ఈ ఊరివాళ్లకు కొత్త కాదు. ఆ ఆటల్లో ఏం లోపించిందో ఇక్కడివాళ్లకు చెప్పడం తేలిక.

ఇ.టి.: ముందు నుయ్యి, వెనుక గొయ్యి

ఈ విషయం మీద ఎవరు రాసినా అటారీ 2600 యంత్రానికి వచ్చిన 'ఇ.టి.'ని దాటి పోలేరు. స్టీవెన్ స్పీల్‌బర్గ్ సినిమా 1982 జూన్ 11న అమెరికాలో విడుదలైంది. భూమ్మీద తప్పిపోయిన గ్రహాంతర జీవి, దాన్ని ఇంటికి పంపించే పిల్లవాడు, అంతే కథ. సత్యజిత్ రాయ్ 1967లో రాసుకున్న 'ది ఏలియన్' స్క్రిప్టుకు దీనికి పోలికలున్నాయన్న వివాదం మన దేశంలో ఇప్పటికీ అప్పుడప్పుడు లేస్తుంటుంది. సినిమా విరగబడి ఆడింది. అటారీ యజమాని సంస్థ వార్నర్ కమ్యూనికేషన్స్ గేము హక్కులకు 2 కోట్ల నుంచి 2.5 కోట్ల డాలర్లు పోసిందని అప్పట్లో వార్తలొచ్చాయి. బేరం తెగేసరికి జూలై నెలాఖరైంది. క్రిస్మస్‌కు సరుకు దుకాణాల్లో ఉండాలంటే సెప్టెంబరు 1కల్లా ఆట పూర్తి కావాలి.

పని హోవర్డ్ స్కాట్ వార్షా చేతికొచ్చింది. 'యార్స్ రివెంజ్' అనే మంచి ఆట, స్పీల్‌బర్గ్ సినిమా మీదే 'రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్' ఆట చేసిన మనిషి. ఆ రెండింటికీ నెలల తరబడి సమయం దొరికింది. దీనికి దొరికింది అటూ ఇటూగా ఐదు వారాలు. యంత్రంలో జ్ఞాపకశక్తి 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. క్యాసెట్టులో ఆట మొత్తం 8 కిలోబైట్లలో ఇమడాలి. ప్యాక్‌మ్యాన్ లాంటిది చేస్తే పోదా అని స్పీల్‌బర్గ్ సూచించాడంటారు. వార్షా ఒప్పుకోలేదు. కథ ఉండాలి, వెతుకులాట ఉండాలి, ముగింపు ఉండాలి అన్నాడు. ఈ పట్టుదలలో తప్పేమీ లేదు. అదే పట్టుదలకు ఐదు నెలలు దొరికి ఉంటే ఈ ఆట గురించి ఇవాళ వేరేలా రాసుకునేవాళ్లం.

ఆట ఇలా సాగుతుంది. ఓ అడవి, గోతులున్న నాలుగు మైదానాలు, ఓ నగరం: మొత్తం ఆరు తెరలు. పెట్టె ఆరు ముఖాల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఎక్కడో గోతుల్లో పడి ఉన్న టెలిఫోన్ ముక్కలు మూడు ఏరుకోవాలి. ఫోను చేయడానికి పనికొచ్చే జాగా కనుక్కుని, అక్కణ్నుంచి ఇంటికి ఫోను చేసి, గడువులోపల అడవిలో ఓడ దిగే చోటుకు చేరాలి. మొదట్లో 9999 ఉండే శక్తి అడుగడుక్కీ తరుగుతుంది. మిఠాయి బిళ్లలు ఏరుకుంటే కొంత తిరిగొస్తుంది. ఏరిన బిళ్లలు పిల్లవాడు ఎలియట్‌కిస్తే సాయపడతాడు. దారిలో ఎఫ్.బి.ఐ. మనిషి వచ్చి ఫోను ముక్క లాక్కుపోతాడు, శాస్త్రవేత్త వచ్చి మనల్నే మోసుకుపోతాడు. కాగితం మీద చూస్తే ఇది ఎంత మాత్రం చెత్త ఆట కాదు.

జాయ్‌స్టిక్ పట్టుకుంటే తెలుస్తుంది బాధ. మైదానం మీద ఇ.టి. నడుస్తుంటే పాదాలు గోతికి ఆమడ దూరంలో ఉన్నట్టే కనిపిస్తాయి. అయినా దభీమని పడిపోతుంది. కారణం తర్వాత తేలింది: బొమ్మలో ఏ చుక్క గోతి అంచును తాకినా పడ్డట్టే లెక్క. అది తల కావచ్చు, వీపు కావచ్చు. చూసేవాడి కన్ను పాదాలను చూస్తుంది, ప్రోగ్రాము బొమ్మ మొత్తాన్ని చూస్తుంది. పడ్డాక బటన్ నొక్కితే ఇ.టి. మెడ చాచి గాల్లోకి లేస్తుంది. నిదానంగా పైకి తేలి, అంచు దాటి, హమ్మయ్య అని ఒక పక్కకు కదిపేలోపు మళ్లీ అదే గోతిలో. తప్పించుకున్నా పక్కనే ఇంకోటి. ముందు నుయ్యి వెనుక గొయ్యి అన్న మాట ఈ ఆట చూసి పుట్టిందా అనిపిస్తుంది. 2013లో ఓ అభిమాని ఈ ఆట కోడును విప్పి, కొద్దిపాటి బైట్లు మార్చి ఈ గోతి జబ్బును నయం చేశాడు. అంటే మందు ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంది. ఆడించి చూసి, జనం ఎక్కడ విసుక్కుంటున్నారో గమనించే వ్యవధి మాత్రం లేదు.

రెండో లోపం, నా దృష్టిలో గోతుల కన్నా పెద్దది, ఆట తన నియమాలను తను చెప్పుకోలేకపోవడం. ఎక్కడ నిలబడితే తెర పైన ఏ గుర్తు వస్తుందో, ఆ గుర్తుకు అర్థమేమిటో పుస్తకం చూస్తే తప్ప తెలియదు. బాణం గుర్తు ఒకటి, ప్రశ్నార్థకం ఒకటి, ఫోను గుర్తు ఇంకోటి. మనిషి ఒక అడుగు పక్కకేస్తే గుర్తు మారిపోతుంది. 'రైడర్స్' ఆటదీ ఇదే గొడవ. అది ఒక్కరు ఆడే ఆటే అయినా రెండు జాయ్‌స్టిక్కులు తగిలించుకోవాలి, ఒకటి నడవడానికి, రెండోది సంచిలో వస్తువు ఎంచుకోవడానికి. అటారీ పుస్తకాలు బాగానే రాసేది. కానీ క్రిస్మస్ పొద్దున్న డబ్బా విప్పిన పదేళ్ల పిల్లవాడు పుస్తకం తీస్తాడా?

అటారీ దాదాపు 40 లక్షల క్యాసెట్లు తయారుచేసిందని, అమ్ముడైనవి 15 లక్షల దాకా ఉంటాయని లెక్కలు చెబుతాయి. పదిహేను లక్షలంటే మామూలు ఆటకు పండగే. హక్కులకు పోసిన డబ్బుకు మాత్రం అది ఏ మూలకీ చాలదు. 1983లో అటారీ 53.6 కోట్ల డాలర్ల నష్టం చూపించింది. ఆ సెప్టెంబరులో మిగిలిన సరుకును లారీల మీద న్యూమెక్సికోలోని ఆలమగోర్డో చెత్తదిబ్బకు తోలి, పాతిపెట్టి, పైన కాంక్రీటు పోశారు. ముప్ఫై ఏళ్లు ఇది కట్టుకథ అనుకున్నవాళ్లున్నారు. 2014 ఏప్రిల్ 26న తవ్వితే నిజంగానే బయటపడ్డాయి. దాదాపు 1,300 క్యాసెట్లు పైకి తీశారు. వాటిలో ఇ.టి. ఒక్కటే కాదు, అటారీ ఇతర ఆటలూ ఉన్నాయి. ఒక క్యాసెట్టు ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఇంత అక్షరాలా నిజమైన సందర్భం మరోటి దొరకదు.

ఈ ఒక్క ఆటే అమెరికా వీడియో గేముల వ్యాపారాన్ని ముంచిందని చెప్పడం మాత్రం అన్యాయం. 1982లోనే అటారీ తెచ్చిన అరకొర ప్యాక్‌మ్యాన్, ఎవరు పడితే వాళ్లు అచ్చేసి దుకాణాల్లో కుమ్మరించిన క్యాసెట్లు, చవకబడిన ఇంటి కంప్యూటర్లు, అన్నీ కలిసి ముంచాయి. ఇ.టి. పేరు గుర్తుండిపోయింది కాబట్టి నింద దాని మీద పడింది.

ముందే ఖాయమైన తేదీ

తెలుగు నిర్మాతకు సంక్రాంతి ఎలాగో అమెరికా బొమ్మల వ్యాపారికి క్రిస్మస్ అలాగ. ఆ వారం తప్పిందంటే ఏడాది పోయినట్టే. సినిమా గేముకు ఈ కష్టం రెండింతలు. పండగతో పాటు సినిమా రిలీజునూ అందుకోవాలి. సినిమా థియేటర్లో ఉండగానే గేము దుకాణంలో ఉండాలి. సినిమా వాళ్లు చివరి నెలలో క్లైమాక్స్ మార్చుకోగలరు, గేము వాళ్లు ఆ పాత స్క్రిప్టు పట్టుకునే కూర్చుంటారు. ఆట ఆడగా సినిమాలో లేని సన్నివేశాలు కనబడటం, ఉన్నవి కనబడకపోవడం ఇందువల్లే.

దీనికి ఎదురు సాక్ష్యం నింటెండో 64 మీద వచ్చిన 'గోల్డెన్ ఐ 007'. జేమ్స్ బాండ్ సినిమా 1995 నవంబరులో వచ్చింది. గేము 1997 ఆగస్టులో, దాదాపు రెండేళ్లు ఆలస్యంగా. ఇంగ్లండులోని రేర్ సంస్థలో మార్టిన్ హాలిస్ బృందం ఆలస్యానికి సిగ్గుపడలేదు. సినిమా మోజు ఎప్పుడో తీరిపోయాక వచ్చినా 80 లక్షలకు పైగా అమ్ముడై, ఆ తరహా ఆటలకే బాట వేసింది.

మూసలో పోసిన ఆటలు

1980ల చివరికి ఐరోపాలో మాంచెస్టర్ నగరపు ఓషన్ సాఫ్ట్‌వేర్, అమెరికాలో ఎల్.జె.ఎన్. అనే బొమ్మల కంపెనీ సినిమా హక్కులు టోకున కొనడం మొదలుపెట్టాయి. ఓషన్‌కు 'రోబోకాప్'తో మంచి పేరొచ్చింది. తర్వాత్తర్వాత మాత్రం చేసిన వంటే చేసింది: ఒక దశలో నడుస్తూ గెంతడం, ఒక దశలో కారు తోలడం, ఒక దశలో తుపాకీ పేల్చడం. పైన ఏ సినిమా పోస్టరు అంటిస్తే అది ఆ సినిమా గేము.

ఎల్.జె.ఎన్. 1989లో నింటెండో 8 బిట్ల యంత్రానికి తెచ్చిన 'బ్యాక్ టు ద ఫ్యూచర్' చూడండి. తయారీ ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు చెందిన బీమ్ సాఫ్ట్‌వేర్‌ది. గతంలోకి వెళ్లిన హీరో మార్టీ వీధి వెంబడి పైకి నడుస్తూ గడియారాలు ఏరుతుంటాడు. ఏరకపోతే అతని కుటుంబ ఫొటోలోని మనుషులు చెరిగిపోతుంటారు. సినిమాలో ఆ ఫొటో గుండె గుభేలుమనిపిస్తుంది: తల్లీతండ్రీ ప్రేమించుకోకపోతే కొడుకు పుట్టడు. గేములో అది కేవలం టైమర్. గడియారాలు ఎవరు వీధిలో పారేశారో, తల్లిదండ్రుల పెళ్లికీ వాటికీ ఏం సంబంధమో అడగకూడదు. సినిమా రచయితల్లో ఒకరైన బాబ్ గేల్ ఈ గేమును బాహాటంగానే తిట్టిపోశాడు. ఈ మూస పిచ్చి ఎంతదాకా పోయిందంటే, 'స్ట్రీట్ ఫైటర్' గేము మీద 1994లో సినిమా తీసి, ఆ సినిమా మీద 1995లో మళ్లీ గేము చేశారు.

కుదిరినవీ ఉన్నాయి. 1983లో అటారీ పార్లర్ యంత్రంగా తెచ్చిన 'స్టార్ వార్స్' సినిమా మొత్తాన్ని నెత్తికెత్తుకోలేదు. ఆకాశంలో పోరు, చివర ఇరుకు కాలువలోంచి విమానం దూసుకుపోవడం, అంతే తీసుకుంది. అది సినిమాలోనే ఆటలా ఉండే ఘట్టం. 1993లో 'అలాదీన్' మెగా డ్రైవ్ గేముకు డిస్నీ బొమ్మల కళాకారులే బొమ్మలు గీశారు. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నీటి కింద

విశాఖ ఆర్.కె. బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనశాలగా నిలబడి ఉన్న ఐ.ఎన్.ఎస్. కురుసుర సోవియట్ తయారీ. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించింది. 91 మీటర్ల పొడవు. లోపలికెళితే వంగి నడవాల్సిన గుండ్రటి తలుపులు, గోడల నిండా కవాటాలు, గడియారాల్లాంటి మీటర్లు, 22 టార్పెడోలకు చోటు, వాటి పక్కనే మనుషులు పడుకునే బల్లలు. తిప్పి చూపించేది నౌకాదళంలో పనిచేసి విరమించినవాళ్లే. వాళ్లు చెప్పే మొదటి పాఠం శబ్దం గురించి. డీజిలు ఇంజనుకు గాలి కావాలి కాబట్టి నీటి కింద బ్యాటరీల మీద నడవాలి. బ్యాటరీ అయిపోతే పైకి రావాలి. పైకొస్తే దొరికిపోవచ్చు. కింద ఉన్నంతసేపూ చప్పుడు చేయకూడదు, అవతలివాడి చప్పుడు వినాలి. చూడటానికి ఏమీ ఉండదు, అంతా చెవులతోనే.

1990లో వచ్చిన 'ది హంట్ ఫర్ రెడ్ అక్టోబర్' సినిమా మొత్తం ఈ చెవి మీదే నడుస్తుంది. చప్పుడు చేయని ఇంజనున్న సోవియట్ సబ్‌మెరైనును దాని కెప్టెన్ అమెరికాకు అప్పగించాలనుకుంటాడు. వెంటాడేవాళ్లు దాన్ని అంత తేలిగ్గా వినలేరు. పేలిన టార్పెడోల కన్నా పేలకుండా ఆగిన చేతులే అందులో ఉత్కంఠ. 1991లో అదే బీమ్ సాఫ్ట్‌వేర్ చేయగా హైటెక్ ఎక్స్‌ప్రెషన్స్ సంస్థ నింటెండోకు తెచ్చిన గేములో ఆ సబ్‌మెరైను ఎడమ నుంచి కుడికి సాగిపోతూ ఎదురొచ్చిన ప్రతి ఓడనూ, ప్రతి మందుపాతరనూ పేల్చుకుంటూ పోతుంది. విమానం బొమ్మ తీసి సబ్‌మెరైను బొమ్మ పెట్టిన కాల్పుల ఆట. కథకు ప్రాణమైన నిశ్శబ్దపు ఇంజను ఇక్కడ కాసేపు వాడుకుని దాచుకునే తాయిలం. తప్పించుకుపోవాలనుకునే కెప్టెన్ నౌకాదళం మొత్తాన్ని ముంచేస్తాడు. చివర్లో ఆట హఠాత్తుగా సబ్‌మెరైను లోపలికి మారి, కెప్టెన్‌తో గెంతించి బాంబులు తీయిస్తుంది.

యంత్రం చాలలేదంటారా? అదే నింటెండో మీద 1989లోనే 'సైలెంట్ సర్వీస్' వచ్చింది. సిడ్ మైయర్ మొదట కంప్యూటర్లకు చేసిన ఆట అది. పెరిస్కోపు ఎత్తి చూడటం, శత్రు ఓడల వరస వెంట పడటం, లోతుకు దిగి కాచుకోవడం, అన్నీ అదే 8 బిట్ల చిప్పు మీద కుదిరాయి. సినిమా పేరు లేని ఆట సబ్‌మెరైనును అర్థం చేసుకుంది, సినిమా పేరున్నది దాన్ని పరదా చేసి వదిలేసింది.

పాకిస్తాన్ సబ్‌మెరైను ఘాజీ 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఈ ఊరి తీరానికి దగ్గర్లోనే మునిగింది. దాని మీద సంకల్ప్ రెడ్డి తీసిన 'ఘాజీ' 2017 ఫిబ్రవరిలో విడుదలైంది. ఆటకు కావలసిన లెక్కలన్నీ, లోతు, గాలి, బ్యాటరీ, శబ్దం, సహనం, కథలోనే అమర్చి పెట్టి ఉన్న తెలుగు సినిమా అదొక్కటే అనిపిస్తుంది.

కొలిమి దగ్గర

'టెర్మినేటర్ 2' 1991 జూలైలో వచ్చింది. పతాక సన్నివేశం ఉక్కు కర్మాగారంలో. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టి ముక్కలైన లోహపు విలన్, కొలిమి వేడికి కరిగి మళ్లీ అతుక్కుంటాడు. ఆ వేడే చివరకు అతన్ని మింగుతుంది. అంటే ఆ కర్మాగారం కథలో ఒక పాత్ర, విలన్‌ను బతికించేదీ చంపేదీ అదే. మిడ్‌వే సంస్థ పార్లర్ యంత్రంలో తుపాకీ బిగించి, నటుల ఫొటోలతో బొమ్మలు చేసి, బాగానే ఊపు తెచ్చింది. నాణెం వేసి రెండు నిమిషాలు పేల్చుకునేవాడికి అది చాలు. ఇళ్లల్లో ఆడే నింటెండో గేము మాత్రం, ఎల్.జె.ఎన్. పేరుతో 1992లో వచ్చింది, ఆ ఉక్కు కర్మాగారాన్ని గెంతడానికి మెట్లు, పడితే చావడానికి ఎర్రటి గుంట స్థాయికి దించేసింది. గుంటలో కరిగిన ఉక్కున్నా, లావా ఉన్నా, మొసలి ఉన్నా ఆటలో తేడా రాదు.

గాజువాక పక్కనున్న విశాఖ ఉక్కు కర్మాగారంలో షిఫ్టు చేసినవాళ్లు ఈ దశ చూస్తే నవ్వుకుంటారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేర్లూ దేవత పేరూ పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి వచ్చిన హాట్ మెటల్, అంటే కరిగిన ఇనుము, ఎస్.ఎం.ఎస్.కు, అంటే స్టీల్ మెల్ట్ షాపుకు చేరుతుంది. కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊది ఉక్కు చేస్తారు. 1,600 డిగ్రీల పైచిలుకు వేడిలో ల్యాడిల్ అనే పెద్ద పాత్రలోకి ఒంపుతారు. క్రేను దాన్ని మోసుకెళ్లి కాస్టింగ్ యంత్రం మీద పెడుతుంది. అక్కడ అసలైన ఆట సమయంతోనే. ల్యాడిల్ వేడి తగ్గేలోపు పోత సాగాలి. ముందు ల్యాడిల్ ఖాళీ అయ్యేసరికి తర్వాతది సిద్ధంగా ఉండాలి. ఒకటి ఆలస్యమైతే వరస మొత్తం తెగుతుంది. గడువు, వేడి, వరస: ఏ ఆటకైనా ఇంతకన్నా ముడిసరుకు ఏం కావాలి? విలన్‌కు కూడా వేడే ప్రాణం, వేడే మృత్యువు అని సినిమా స్వయంగా చెప్పాక, వేడికి లెక్కే లేని ఆట తయారుచేయడం నిజంగా సోమరితనమే.

టీవీ గేముగా మన ఇళ్లకు

ఇ.టి. గేము అమెరికా దుకాణాలకొచ్చిన 1982 చివర మన దూరదర్శన్ అప్పుడే ఆసియా క్రీడల పుణ్యమా అని రంగులు పులుముకుంటోంది. ఆ తరం అటారీ వైభవం, పతనం రెండూ మనకు తెలియకుండానే జరిగిపోయాయి. 1990లలో విశాఖతో సహా తెలుగు ఊళ్లకొచ్చింది నింటెండో జపాన్ యంత్రం 'ఫ్యామికామ్'కు తైవాన్, చైనా నకళ్లు. అందరూ 'టీవీ గేము' అనేవారు. యాంటెనా తీగ పీకి దీని తీగ పెట్టి, చానల్ తిప్పుతూ గీతల మధ్య బొమ్మ దొరికేదాకా వెతకడం, ఆడకపోతే క్యాసెట్టు తీసి నోటితో ఉఫ్ అని ఊది మళ్లీ దూర్చడం ఆ తరం మొత్తానికి తెలిసిన విద్యలు. సొంతంగా కొనలేనివాళ్లకు గంటకింత అని తీసుకునే పార్లర్లు ఉండేవి.

ఇక్కడ సినిమా గేముల లోపం ఇంకో మెట్టు దిగింది. ఫ్యామికామ్ క్యాసెట్టుకు 60 పిన్నులు, అమెరికా నింటెండో క్యాసెట్టుకు 72. మన నకలు యంత్రాల్లో అమెరికా క్యాసెట్టు పట్టదు. హాలీవుడ్ సినిమా గేములు వచ్చినా దొంగ అచ్చులుగానే రావాలి. లక్షల ఆటలున్నాయని పైన అంకె వేసుకున్న క్యాసెట్టులో అసలు ఆటలు కొన్నే, మిగతావి అవే ఆటలు పేరు మార్చుకుని మళ్లీ మళ్లీ. డబ్బా ఉండదు, పుస్తకం ఉండదు. పుస్తకం చదివితే గానీ అర్థం కాని ఆటకు పుస్తకమే లేకపోతే ఏం మిగులుతుంది? గెంతి, కాల్చి, ముందుకు పోయే ఆటలు మాత్రమే బతికాయి. 'కాంట్రా', 'మారియో' తెలుగు పిల్లల నోళ్లలో నానడానికి కారణం వాటి గొప్పతనం ఒక్కటే కాదు. ఎవరూ ఏమీ చెప్పకపోయినా వాటిని ఆడొచ్చు.

దొంగ అచ్చుల తయారీదారులు సొంతంగా సినిమా గేములూ చేశారు. తైవాన్‌కు చెందిన హమ్మర్ టీమ్ అనే బృందం 'టైటానిక్' సినిమా మీద ఫ్యామికామ్ గేము చేసింది. తెర మీద పేరు కూడా తప్పుగానే పడుతుంది, 'టైటెనిక్' అని. ప్రేమకథలోని జాక్, రోజ్ అందులో ఓడంతా తిరుగుతూ ఎదురొచ్చినవాళ్లను పిడిగుద్దులు గుద్దుతారు. హక్కులు కొన్నవాళ్లు ఏ మూస వాడారో కొననివాళ్లూ అదే వాడారు. ఒక విధంగా వీళ్లే నిజాయితీపరులు, సినిమాకు విధేయులమని చెప్పుకోలేదు.

హైదరాబాద్ ప్రయత్నాలు

తెలుగునేల మీద తయారైన సినిమా గేముల్లో మొదట చెప్పుకోవలసింది 'గజిని: ది గేమ్'. ఆమిర్ ఖాన్ నటించగా మురుగదాస్ తీసిన హిందీ 'గజిని' 2008 డిసెంబరు 25న వచ్చింది. నిర్మాతల్లో అల్లు అరవింద్ ఒకరు. గేమును శశి రెడ్డి స్థాపించిన హైదరాబాద్ సంస్థ ఎఫ్.ఎక్స్. ల్యాబ్స్ చేసింది. భారతదేశంలో తొలి అసలైన త్రీడీ కంప్యూటర్ గేము అని ప్రచారం చేసుకున్నారు. ఐదు దశలు. సంజయ్ పాత్రలో కొట్లాట విద్యలతో, ఆయుధాలతో లక్ష్యాలు సాధించాలి.

ఎనిమిది బిట్ల రోజులు ఎప్పుడో పోయాయి, కంప్యూటర్లో చోటుకు కొదవ లేదు, అయినా పాత జబ్బే తిరగబెట్టింది. గజిని కథకు మూలం మతిమరుపు. హీరోకు పదిహేను నిమిషాలకు మించి ఏదీ గుర్తుండదు. ఒంటి మీద పచ్చబొట్లు, చేతిలో పోలరాయిడ్ ఫొటోలు, గోడ మీద రాతలే అతని జ్ఞాపకం. ఆట తయారుచేసేవాడికి ఇంతకు మించిన వరం ఉండదు. పదిహేను నిమిషాలకోసారి ఆటగాడి దగ్గరున్న సమాచారమంతా తుడిచేసి, ముందే ఏం రాసిపెట్టుకోవాలో అతన్నే తేల్చుకోమంటే చాలు. గేముకు ఇరుసు అది కాకుండా గుద్దులాట అయింది. కండలు తిరిగిన హీరో పోస్టరును చూసి ఆట చేశారు, కథను చూసి కాదు. ఆ రోజుల్లో విశాఖ నెట్ సెంటర్లను ఊపేస్తున్నవి 'వైస్ సిటీ', 'కౌంటర్ స్ట్రైక్'. వాటి పక్కన నిలబడటం ఏ కొత్త సంస్థకైనా కష్టమే, ఇది మాత్రం ఒప్పుకోవాలి.

అదే కాలంలో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' (2009), గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా' చేశాయి. ఇవి సినిమా గేములు కావు. నైపుణ్యం ఇక్కడ లేదన్న మాట నిలవదని చూపడానికే వీటి ప్రస్తావన. గేమ్‌శాస్త్రే 2014 సంక్రాంతికి వచ్చిన మహేశ్ బాబు '1: నేనొక్కడినే'కు మొబైల్ గేము చేసింది. సుకుమార్ సినిమాలో హీరోకు నిజంగా జరిగినదేదో తన ఊహ ఏదో తేడా తెలియదు. అదీ బంగారం లాంటి ఆట సరుకే.

2017 ఏప్రిల్‌లో, రెండో 'బాహుబలి'తో పాటే, బెంగళూరు సంస్థ మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ 'బాహుబలి: ది గేమ్' తెచ్చింది. మాహిష్మతిని కట్టుకోవాలి, సైన్యాన్ని పెంచుకోవాలి, కాలకేయుల నుంచి కాపాడుకోవాలి. అప్పటికే ఫోన్లలో దుమ్మురేపుతున్న 'క్లాష్ ఆఫ్ క్లాన్స్' మూస ఇది. సినిమాతో పొంతన మాత్రం మిగతావాటికన్నా మెరుగు. ఎందుకంటే కోట కట్టడం, ముట్టడి కాచుకోవడం రాజమౌళి సినిమాలో నిజంగానే ఉన్న పనులు.

ఈ ఫోను గేములకు పాత క్యాసెట్లకు లేని లోపం ఇంకోటి ఉంది. సర్వరు ఆపేస్తే, ఫోను కొత్త వెర్షను కోసం ఎవరూ సవరించకపోతే ఆట మాయమైపోతుంది. సంపాదించుకున్న సైన్యమూ పోతుంది. పాత క్యాసెట్లు అలా పోలేదు: ఆలమగోర్డో దిబ్బలోంచి తీసిన వాటిలో 881 దాకా ఆ ఊరి నగరపాలక సంస్థ వేలం వేస్తే లక్ష డాలర్లకు పైగా వచ్చాయి. ఇ.టి. ఆట 8 కిలోబైట్లూ ఇవాళ ఏ కంప్యూటర్ మీదనైనా ఎమ్యులేటర్‌లో నడుస్తాయి, గోతులతో సహా.